పెట్టెలాయన సొంత పెట్టె

పొద్దున్నే లేచి ముందుగది ఊడవటం నా మొదటి పని. మా ఆయన ఉన్న రోజుల్లో ఆ గది నిండా దారం ముక్కలే. ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవారు. బాగైన ప్రతి మిషనూ కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి, పాత గుడ్డ పీలిక మీద నాలుగు వరసలు కుట్టి చూసేవారు. కుట్టు నున్నగా పడేదాకా వదిలేవారు కాదు. ఎర్రదారం, నల్లదారం, తెల్లదారం, తెంపినవన్నీ కిందే పడేసేవారు. అవి చీపురు పుల్లలకి చుట్టుకునేవి, నా కాలివేళ్ళకి చుట్టుకునేవి, ఒక్కోసారి టీ గ్లాసులో తేలేవి.

"చెత్తబుట్ట పక్కనే ఉంది కదండీ, చెయ్యి చాపితే అందుతుంది" అనేదాన్ని.

"బుట్టలో వేస్తే పొద్దున్నే నువ్వు ఎవర్ని తిడతావు?" అనేవారు.

ఇప్పుడూ పొద్దున్నే ఊడుస్తున్నాను. చీపురుకి ఏమీ అంటదు. ఆయన పోయి ఏడాది దాటింది. శుభ్రంగా ఉన్న గదిని ఊడవటం ఎంత కష్టమో ఊడిచేవాళ్ళకే తెలుస్తుంది.

అయినా నేను రాయాలని కూర్చున్నది ఆయన గురించి కాదు. మా మరిది గురించి.

నేను కాపురానికి వచ్చేసరికి అతను నిక్కరు వేసుకుని మేడమెట్ల మీద కూర్చుని రేడియో విప్పుతున్నాడు. విప్పటం వచ్చు, బిగించటం ఇంకా రాలేదు. "ఇదిగో, వీడే నీ మరిది. ఇకమీదట రేడియో వినాలంటే పక్కింటికి వెళ్ళాలి" అని అత్తయ్య పరిచయం చేశారు. మాకు పిల్లలు కలగలేదు. అతని చొక్కాలకి గుండీలు కుట్టటం, జ్వరమొస్తే పక్కన కూర్చోవటం, అన్నయ్యకి చెప్పలేనివి నాకు చెప్పుకుంటే వినటం, ఇవన్నీ నా వంతుకే వచ్చాయి.

పెద్దయ్యాక వర్తక సంఘంలో ఉద్యోగమొచ్చింది. మా వీధి కొట్లన్నిటికీ వచ్చే మెయిళ్ళు ఒకే మిషను గుండా వస్తాయి. దాన్ని చూసుకోవటం అతని పని. సంఘం ఆఫీసు పైకప్పు కారుతుందని ఆ మిషను తెచ్చి మా మెట్లకింద గదిలో పెట్టారు. అది పగలూ రాత్రీ సన్నగా మూలుగుతూ ఉంటుంది. లోపల ఒక్కో కొట్టుకీ ఒక్కో పెట్టె ఉంటుందట. కంటికి కనిపించే పెట్టెలు కావు. అయినా అందరూ పెట్టె అనే అంటారు కాబట్టి, అతను వీధికంతటికీ పెట్టెలాయన అయ్యాడు.

"పెట్టెలాయనా, నా పెట్టె నిండిపోయిందంటోందయ్యా!" అని తాళాల కొట్టతను రోడ్డు అవతలనుంచి కేకేస్తాడు. ఒకసారి ఈ కేకలు విని వీధికి కొత్తగా వచ్చిన ఒకావిడ ఇనప్పెట్టె కొనటానికి మా ఇంటికే వచ్చింది. అవి ఆ పెట్టెలు కావమ్మా అని చెప్పలేక, ఆవిణ్ణి బజారుకి తీసుకెళ్ళి, తుప్పులేని పెట్టె చూసి బేరమాడి, బండి ఎక్కించి వచ్చాడు. అలాంటి మనిషి. కాదు, లేదు అనే మాటలు నోట్లోంచి ఊడిపడవు.

అతనికి ఒక మాట ఊతపదంగా ఉండేది. ఎవరు వచ్చి "ఫలానావాళ్ళు జవాబివ్వటం లేదు" అన్నా, "ముందు మిషన్ని అనుమానించండి, తర్వాత మనిషిని" అనేవాడు. తాళాల కొట్టతను ఒక ఏడాది బావమరిదితో మాటలు మానేసే దాకా వెళ్ళాడు. తీరా చూస్తే బావమరిది రాసిన మెయిళ్ళన్నీ చెత్త పెట్టెలో పడున్నాయి. ఇద్దర్నీ మా ముందుగదిలోనే కూర్చోబెట్టి టీ ఇప్పించాడు మరిది. టీ పెట్టింది నేను, పేరు అతనికి.

మా ఆయనకీ ఒక పెట్టె ఉండేది. ఎక్కడెక్కడినుంచో మిషన్లవాళ్ళు రాసేవారు. సూది విరుగుతోందని, పట్టీ జారుతోందని, మా అమ్మమ్మ మిషను ఇది, దీన్ని పారేయలేనని. పొద్దున్నే నేను ఊడుస్తుంటే ఆయన అవన్నీ పైకి చదివేవారు. జవాబు ఎప్పుడూ ఒకే మాటతో మొదలయ్యేది: "ముందు నూనె వెయ్యండి." అందరికీ ఇచ్చే అడ్రసులో ఆయన ఒక తమాషా చేసేవారు. పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టి, దాని వెనక ఒక మాట తగిలించేవారు. పెడలు మిషనువాళ్ళకి 'పెడలు' అని, చేత్తో తిప్పే మిషనువాళ్ళకి 'చెయ్యి' అని. ఆ తోక చూడగానే రాసినవాళ్ళ మిషను ఏదో తెలిసిపోయేది. తోక ఏదైనా మెయిలు మాత్రం ఆయన పెట్టెలోకే వచ్చి పడేది. ఈ కిటుకు నేర్పింది తమ్ముడే.

దర్జీ అమ్మాయి మా బతుకుల్లోకి వచ్చిందీ అలాగే.

ఆవిడ ఊళ్ళు తిరిగే ఒక నాటక సంస్థలో దుస్తులు కుడుతుంది. ఒకరోజు మా ఆయనకి మెయిలు రాసింది. "అయ్యా, నా మిషను కుట్లు వదిలేస్తోంది. రేపు సాయంత్రం రాజుగారు సింహాసనం ఎక్కాలి. కోటు వీపు విడిపోతే ప్రజలు తిరగబడతారు" అని. మా ఆయన నవ్వలేక చచ్చారు. "ఒరేయ్, నాకు కళ్ళనీళ్ళొస్తున్నాయి, టైపు చెయ్యలేను. ఈవిడకి నువ్వు రాయరా" అని తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. నిజంగా నవ్వొచ్చి చెప్పారో, పెళ్ళి మాటెత్తితే పారిపోయే తమ్ముడి కోసమే చెప్పారో, నేనెప్పుడూ అడగలేదు.

తర్వాత ఆవిడ సంస్థ మా ఊరొచ్చినప్పుడు మిషను ఎత్తుకుని తనే వచ్చింది. గలగలా మాట్లాడే మనిషి, మెడలో కొలత టేపు, కొంగుకి గుండుసూదులు. మా ఆయన మిషను బాగుచేస్తున్నంతసేపూ మరిది గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఆ మిషను బస్టాండుదాకా మోసుకెళ్ళి దిగబెట్టి వచ్చాడు.

"ఏం మాట్లాడావురా?" అన్నారు మా ఆయన.

"మిషను బాగా బరువుంది అన్నయ్యా."

"అది నాకు తెలుసు. ఆవిడతో ఏం మాట్లాడావు?"

"అదే చెప్పాను. బరువుందని."

ఎదురుగా నోరు పెగలని మనిషి, ఫోనులో అయితే మరీ అన్యాయం, ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. రాతలో మాత్రం వేరే మనిషి. ఆవిడకి రాయటానికని ప్రత్యేకంగా తన అడ్రసుకి 'దారం' అని తోక తగిలించి ఇచ్చాడు. ఆవిడ ఏ ఊరినుంచి రాసినా ఆ తోకతోనే వచ్చేది. మా ఆయన పోయినప్పుడూ రాసింది. ఆ మెయిలు మరిది నాకు చదివి వినిపించాడు. అందులో ఓదార్పు మాట ఒక్కటీ లేదు. "ఆయన బాగుచేశాక నా మిషను ఇప్పటిదాకా ఒక్క కుట్టు కూడా వదల్లేదు" అని ఉంది. ఆ రోజు నాకు అదే చాలింది.

ఈమధ్య ఒక సాయంత్రం మరిది నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఏదో చెప్పాలని గ్లాసు అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"రాసేశాను వదినా" అన్నాడు.

"ఏం రాశావు?"

"మన వీధి గురించి రాశాను. ఇల్లు గాలివాటంగా ఉంటుందని రాశాను. మెట్లకింద మిషను చప్పుడు పెద్దగా రాదని రాశాను. చివర్లో, మీరు వచ్చి ఇక్కడే ఉండిపోతే బాగుంటుంది అని రాశాను."

"పెళ్ళి అన్న మాట రాశావా లేదా?"

"అర్థమవుతుందిగా?"

"ఇల్లు అద్దెకిస్తున్నాడనుకుంటుందిరా నాయనా!" అన్నాను. అప్పుడు మళ్ళీ వెళ్ళి, ఇంకో వాక్యం చేర్చి, చెవులదాకా ఎర్రబడి వచ్చాడు.

మర్నాడు అతనికి కాలూ చెయ్యీ ఆడలేదు. కుదురుగా కూర్చోలేక, ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తున్న పని ఒకటి మొదలుపెట్టాడు. మెట్లకింద మిషనులో మెయిళ్ళు పెట్టెలకి చేర్చే పద్ధతి పాతబడిపోయిందట, కొత్త పద్ధతికి మార్చాడు. సాయంత్రానికల్లా అయిపోయింది. వీధిలో ప్రతి కొట్టుకీ పరీక్షకి ఒక మెయిలు పంపి, వెళ్ళి కనుక్కుని వచ్చాడు. తనకీ ఒకటి పంపుకున్నాడు. అన్నీ అందాయి. కళ్ళద్దాల కొట్టతను భుజం తట్టాడు కూడా.

ఆవిడ దగ్గరినుంచి మాత్రం జవాబు రాలేదు.

వారం చూశాడు. నెల చూశాడు. మళ్ళీ రాయటానికి మొహం చెల్లలేదు. భోజనం దగ్గర తల ఎత్తడు. వీధిలో వాళ్ళు పిలిస్తే వెళ్ళి పని చేసిపెట్టి వస్తాడు, అంతే. అత్తయ్యకి ఎవరూ చెప్పకుండానే అన్నీ తెలుసు. "దర్జీ పిల్ల ఉలకదూ పలకదు, వీడు తినడు. ఇల్లంతా నా చెవులంత నిశ్శబ్దంగా ఉంది" అన్నారొక రోజు. ఆవిడకి చెవులు బాగానే వినపడతాయి. వినపడనట్టు కూర్చుంటారు, లాభాలెక్కువని.

"ఆవిడకి ఇష్టం లేదు వదినా. ఇష్టం లేదని చెప్పటం ఎందుకని ఊరుకుంది. మంచిదే" అన్నాడు అతను. నాకు గట్టిగా ఏదైనా చెప్పాలనిపించింది. కానీ ఆ రోజుల్లో నాకూ మాటలు తక్కువగానే ఉన్నాయి. అన్న లేరు, ఇక తమ్ముడి నవ్వు కూడా ఈ ఇంట్లోంచి పోతుందేమోనని మాత్రం భయంగా ఉండేది.

అలా ఉండగా ఒక పొద్దున వాకిట్లో చిన్న వ్యాను ఆగింది. ఒకాయన పసిపిల్లని ఎత్తుకున్నట్టు కుట్టుమిషను తలకాయని గుండెకి హత్తుకుని దిగాడు. వేరే పేటలో దిండ్లు, పరుపులు కుట్టే కొట్టు అతనిది. జుట్టునిండా దూది.

"మిషన్లు చూసేవారి ఇల్లు ఇదేనా అమ్మా? మూడుసార్లు మెయిలు రాశాను. జవాబు లేదు. సరే, నేనే స్వయంగా పోదామని వచ్చేశాను."

కూర్చోమని, ఆయన లేరని చెప్పాను. పాపం, మిషను ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. లోపలికెళ్ళి టీ తెచ్చి ఇచ్చాను. "ఏమవుతోంది దానికి?" అన్నాను.

"గట్టిగా తిరుగుతోందమ్మా. కీచుమంటోంది."

"నూనె వేశారా?"

ఆయన గ్లాసు కింద పెట్టి నన్ను చూశాడు. "వెయ్యాలా?"

నవ్వొచ్చింది. ఏడాదిలో నాకు ఆ గదిలో వచ్చిన మొదటి నవ్వు అదేననుకుంటాను. అల్మరాలోంచి ఆయన నూనె బుడ్డి తీసి ఇచ్చాను. దిండ్లాయన అక్కడే కూర్చుని చుక్కచుక్కగా వేసుకోవటం మొదలుపెట్టాడు.

అప్పుడే మరిది మెట్లకింద గదిలోంచి బయటికొచ్చాడు. "అబ్బాయ్, ఈయన అన్నయ్యకి మూడుసార్లు రాశారట. అవి నువ్వు చూళ్ళేదా?" అన్నాను.

"రాలేదు వదినా. మొదట్లో వారానికి రెండో మూడో వచ్చేవి. అన్నయ్య లేరని నేనే రాసేవాణ్ణి. ఈమధ్య ఒక్కటీ రాలేదు. అందరికీ తెలిసిపోయింది కాబోలనుకున్నా."

"నేను రాశాను బాబూ. మొన్న కూడా రాశాను" అన్నాడు దిండ్లాయన. "నా దగ్గరున్న అడ్రసులో ప్లస్ గుర్తు ఉంది, పక్కన పెడలు అని ఉంది. అదంతా కలిపే రాశాను."

మరిది నా వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు, పరుగున మెట్లకింద గదిలోకి దూరాడు. తల దూలానికి తగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత ఒక కేక.

"వదినా! పెట్టెలు! కొత్త పెట్టెలు!"

నేనూ, అత్తయ్యా, నూనె చేతుల్తో దిండ్లాయనా, అందరం ఆ గది గుమ్మంలో ఇరుక్కున్నాం.

"నేను పద్ధతి మార్చాను కదా. చూడు, వాకిట్లో ఒకడున్నాడనుకో, లోపల గదిలో ఇంకొకడు. బయటి మెయిలు వాకిట్లోవాడు తీసుకుంటాడు. ఇదివరకు వాడే లోపలికి నడిచొచ్చి పెట్టెలో పడేసేవాడు. వాడు ఇంటి మనిషి, అడ్రసంతా పట్టించుకోడు. మొదట ఉన్న పేరు చూసి, ప్లస్ గుర్తూ, దాని తోకా, ఆ తర్వాత సున్నా చుట్టిన ఇంగ్లీషు 'ఎ' అక్షరం గుర్తూ, అది దాటాక ఉండే సంఘం పేరూ, అన్నీ తెంపేసి వట్టి పేరున్న పెట్టెలో వేసేవాడు."

"మీ అన్నయ్య దారాలు తెంపినట్టు" అన్నాను.

"అంతే. కొత్త పద్ధతిలో వాకిట్లోవాడు లోపలికి రాడు. గడప దగ్గర నిలబడి మెయిలు అందించి, అడ్రసు ఈ చివరినుంచి ఆ చివరిదాకా చదివి వినిపిస్తాడు. లోపలివాడు ఎలా వింటే అలాంటి పెట్టె కోసం వెతుకుతాడు."

"లేకపోతే?" అన్నారు అత్తయ్య.

"లేకపోతే అప్పటికప్పుడు కొత్తది చేసి అందులో పెట్టేస్తాడు. లేదు అనడమ్మా వాడు. మహా మర్యాదస్తుడు."

"అచ్చం నీలాగే ఉన్నాడు" అన్నారు అత్తయ్య.

"సంఘం పేరు తెంపమని వాడికి చెప్పాను. తోక తెంపమని చెప్పటం మర్చిపోయాను. ఈ వీధిలో తోకలు పెట్టుకున్నది అన్నయ్యా నేనూ ఇద్దరమే. పరీక్ష మెయిలు నా వట్టి పేరుకే పంపుకున్నాను, చక్కగా అందింది!" అంటూ తెర మీద వేలు పెట్టి చూపించాడు. మా ఆయన పేరు, ప్లస్, పెడలు. మా ఆయన పేరు, ప్లస్, చెయ్యి. వాటి కింద మరిది పేరు, ప్లస్, దారం.

దాని పక్కన మూడు అని అంకె ఉంది.

"తెరువు" అన్నాను.

"నువ్వు తెరువు వదినా."

"నాకేం తెలుసయ్యా అది ఎలా తెరవాలో!"

"ఎవరో ఒకరు తెరవండి, నాకు నడుం పట్టేస్తోంది" అన్నారు అత్తయ్య.

మొదటిది అతను పద్ధతి మార్చిన మర్నాడే వచ్చింది. "నాకు ఇష్టమే" అని ఉంది మొదట్లోనే. ఆ పైన రెండు షరతులు. ఏడాదిలో నాలుగు నెలలు నాటకాలతో ఊళ్ళు తిరుగుతాను, ఆపకూడదు. నా మిషను కిటికీ దగ్గర ఉండాలి, వెలుతురు లేకపోతే నల్లగుడ్డ మీద నల్లదారం కనపడదు.

రెండోది, "షరతులు చూసి భయపడ్డారా? కిటికీ సంగతి మాట్లాడుకుందాం. ఊళ్ళ సంగతి మాత్రం కుదరదు" అని.

మూడోది మొన్ననే వచ్చింది. "బుధవారం పొద్దున మా సంస్థ బండి మీ ఊరు మీదుగా పోతుంది. బస్టాండు ముందు టీకి ఆగుతాం. మీరు వస్తే మాట్లాడుకుందాం. రాకపోతే మీ మనసు మారిందని అర్థం చేసుకుంటాను, ఇంక రాయను. దూరపు ఊళ్ళో ఒక పెద్ద నాటకశాలవాళ్ళు స్థిరమైన ఉద్యోగం ఇస్తామంటున్నారు. ఒప్పేసుకుంటాను."

"ఇవాళ ఏ వారం?" అన్నాడు మరిది గాలి తీసినట్టు.

"బుధవారం" అన్నాడు దిండ్లాయన. ఆ తర్వాత ఆయనే, "వ్యాను ఉంది కదండీ" అన్నాడు.

మరిది కదలడే! "ఎలా మొహం చూపించను? ఆవిడ సరేనన్నాక కూడా నేను..." అంటూ తెర ముందే నిలబడ్డాడు. అందరికీ చెప్పినమాట తనకి చెప్పుకోలేకపోయాడు. ఊరందరి విషయంలో ముందు మిషన్ని అనుమానించే మనిషి, తన విషయం వచ్చేసరికి నేరుగా తన మీదే అనుమానపడి కూర్చున్నాడు.

"ఒరేయ్, మీ అన్న ఉంటే ఈపాటికి నిన్ను మెడ పట్టి వ్యానులో పడేసేవాడు" అన్నారు అత్తయ్య. "అమ్మాయ్, నువ్వు పట్టుకో మెడ."

"వదినా, నువ్వూ రా. నాకు నోరు పెగలదు."

ఏడాదిగా నేను బజారు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. ఇంటి బట్టల్లో ఉన్నాను, జుట్టు ముడి ఊడింది. కానీ అతని మొహం చూశాక, బట్టలు మార్చుకుని వస్తానన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎక్కేశాను. ముందు సీట్లో దిండ్లాయన పక్కన ఆయన మిషను కూర్చుంది, దాన్ని దింపితే దెబ్బ తగులుతుందట. మేమిద్దరం వెనకాల దిండ్ల మధ్య. మలుపు తిరిగినప్పుడల్లా ఒక దిండు వచ్చి మరిది మొహం మీద పడేది. అతను దాన్ని తీసి పక్కన పెట్టి, "ఏమని మొదలుపెట్టను?" అనేవాడు.

"నాకూ ఇష్టమే అని మొదలుపెట్టు."

"ఆలస్యానికి కారణం చెప్పొద్దా?"

"ముందు ఇష్టం, తర్వాత కారణం."

"ముందు ఇష్టం, తర్వాత కారణం" అని బడిపిల్లాడిలా వల్లెవేసుకున్నాడు దారంతా.

బస్టాండు ముందు సంస్థ బండి ఉంది. ఇంజను ఆడుతోంది. కిరీటాలు, ఈటెలు, ఒక చెక్క గుర్రం, అన్నీ పైన కట్టేశారు. వెనక తలుపు దగ్గర దుస్తుల ట్రంకు మీద కూర్చుని దర్జీ అమ్మాయి ఎవరి చొక్కాకో గుండీ కుడుతోంది. మమ్మల్ని చూసి సూది ఆపింది. మరిది తలనిండా దూది, నా తలనిండా దూది. ముసలి వేషాలు వేసుకొచ్చినవాళ్ళలా ఉన్నాం.

మరిది ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. నోరు తెరిచాడు.

"మీకిచ్చిన అడ్రసులో ప్లస్ గుర్తుంది కదండీ" అన్నాడు.

నేను తల పట్టుకున్నాను.

"ఉంది" అందావిడ.

"అది మీరు రాసినందువల్ల కాదండీ. నేనే ఇచ్చాను. తప్పు నాది. ఇదివరకు వాకిట్లోవాడే లోపలికి వచ్చి, తోక తెంపి, పెట్టెలో వేసేవాడు. ఇప్పుడు గడప దగ్గరే నిలబడి మొత్తం చదువుతున్నాడు. లోపలివాడికి మీ తోక నేను చెప్పలేదు. వాడు మీకోసం వేరే పెట్టె చేసి జాగ్రత్తగా దాచాడు. మూడూ ఉన్నాయి. ఏదీ పోలేదు."

ఆవిడ అతన్ని చూసింది. నన్ను చూసింది. బండి డ్రైవరు హారను కొట్టాడు.

"వాకిట్లోవాడెవరు?" అందావిడ.

"మనిషి కాదమ్మా, అదంతా ఆ మిషను గోల" అన్నాను. "వీడికి నీ జవాబు అందింది ఇందాకే. అందిన దగ్గర్నుంచీ ఇలాగే ఉన్నాడు. ఇష్టమట. ముందు అది చెప్పమని దారంతా నేర్పి తీసుకొచ్చాను."

"అంటే నా షరతులకి కోపం కాదన్నమాట?"

"కాదండీ. సెట్టింగు" అన్నాడు మరిది.

ఆవిడ నవ్విన నవ్వుకి చొక్కా ఒళ్ళోంచి జారి కిందపడింది. బండిలోంచి రాజుగారు తల బయటపెట్టి, "ఏంటమ్మా, ఏమైంది?" అన్నాడు. "సెట్టింగటండీ!" అందావిడ కళ్ళు తుడుచుకుంటూ. బండి మొత్తం నవ్వింది, ఎందుకో తెలియకుండానే. మరిదీ నవ్వాడు. నెల దాటింది ఆ నవ్వు విని.

"నాలుగు నెలలు?" అందావిడ.

"తిరగండి. ఎక్కడున్నారో రాయండి చాలు" అన్నాడు. ఈసారి నోరు బాగానే పెగిలింది.

"మరి కిటికీ?"

అతను నా వైపు చూడలేదు. నేల చూస్తున్నాడు. ఆ కిటికీ దగ్గర ఉన్నది అన్నయ్య బల్ల. ఏడాదిగా దాని మీద ఆయన సూదుల డబ్బా ఎక్కడ ఉందో అక్కడే ఉంది, నేను కూడా కింద తుడిచి అక్కడే పెడుతున్నాను. అడగటానికి అతనికి మనసు రాదు. తనంతట తను ఒప్పుకోనూ లేడు.

"కిటికీ దగ్గర చోటుందమ్మా. పొద్దున్నించీ మంచి వెలుతురు. బల్ల కూడా ఉంది, గట్టిది" అన్నాను.

చెప్పేముందు భయమేసింది. చెప్పాక ఏమీ అనిపించలేదు. కాదు, అనిపించింది. ఆకలేసింది. చాలా రోజుల తర్వాత బాగా ఆకలేసింది. దిండ్లాయన బస్టాండులో వేడివేడి రొట్టెలు కొనిపెడితే నాలుగు తిన్నాను.

ఆ సాయంత్రమే మరిది లోపలివాడికి తోకలు తెంపటం నేర్పాడు. దాచిన మెయిళ్ళన్నీ వాటి వాటి పెట్టెల్లోకి చేర్చాడు. మా ఆయనకి వచ్చినవి రోజుకి కొన్ని చొప్పున నాకు చదివి వినిపిస్తున్నాడు. జవాబులు నేను చెప్తే అతను రాస్తున్నాడు. ఆయన లేరని ముందు చెప్పించి, నూనె వేసి చూడమని తర్వాత చెప్పిస్తాను. నాకు తెలిసింది అంతే. సగంమందికి అదే సరిపోయిందట. దిండ్లాయన మిషను కీచుమనటం మానేసింది. కృతజ్ఞతగా అత్తయ్యకి ఒక దిండు పంపాడు. మెత్తగా ఉందని ఆవిడ ఒప్పుకోరు, కానీ ఇంకెవర్నీ తాకనివ్వరు.

తిరుగుడు ముగించుకుని దర్జీ అమ్మాయి నిన్న వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాల పెళ్ళికి ఇంకా కొన్ని రోజులుంది. మిషను మాత్రం ముందే తెచ్చేసుకుంది. మరిది మోసుకొచ్చాడు. "బరువుందా?" అని అడిగితే, "లేదు వదినా" అన్నాడు, చెమటలు కారుతూ. ఆయన సూదుల డబ్బా నేనే తీసి ఆవిడ చేతికిచ్చాను. మూత తీసి చూసి, "ఇన్ని రకాలే!" అని మురిసిపోయింది. రాత్రి భోజనాలదాకా కిటికీ దగ్గర కూర్చుని ఏదో మంత్రి గారి అంగీ కుట్టింది. అత్తయ్య పక్కనే కూర్చుని మంత్రికి జేబులెందుకని వాదించారు.

ఇవాళ పొద్దున్నే లేచి చీపురు తీసుకుని ముందుగదిలోకి వచ్చాను. అందరూ నిద్రలో ఉన్నారు. కిటికీలోంచి ఎండ బల్ల మీదుగా నేల మీదికి దిగింది. ఎర్రదారం, బంగారురంగు దారం, నల్లదారం ముక్కలు. బల్ల కింద, గుమ్మం దాకా, ఎక్కడపడితే అక్కడ. చెత్తబుట్ట పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

ఒక ఎర్ర ముక్క నా కాలివేలికి చుట్టుకుంది. చీపురు తీసుకెళ్ళి మూల పెట్టేసి, టీ పెట్టుకోవటానికి లోపలికి వెళ్ళాను.